నంబరు ఎవరిది, తీగ ఎవరిది? ఇంటి ఆఫీసుకు ఇంటర్నెట్ ఫోన్

ఇంట్లో ఒక గదిని ఆఫీసుగా మార్చుకున్నవాళ్లు ఇప్పుడు తెలుగునాట ప్రతి పట్టణంలోనూ కనిపిస్తారు. జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంటు, అమెరికా ఆసుపత్రుల బిల్లులకు కోడింగ్ చేసే ఉద్యోగిని, ఆవకాయ, కారప్పొడులు కొరియర్‌లో పంపే ఇల్లాలు, హోమియో డాక్టరు, ఎల్ఐసీ ఏజెంటు. వీళ్లందరికీ ఏదో ఒకనాడు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. పనికి వేరే ఫోన్ ఉండాలి, ఏది పెట్టుకోవాలి?

అడిగితే సలహాలకు కొదవ లేదు. రెండో సిమ్ వేసుకుంటే సరిపోతుందని ఒకరంటారు. ఫైబర్ కనెక్షన్‌తో ల్యాండ్‌లైన్ ఊరికే వస్తుంటే ఇంకేం కావాలని ఇంకొకరు. క్లౌడ్ నంబరు తీసుకో, పెద్ద కంపెనీలా ఉంటుందని మరొకరు. ఐపీ ఫోన్ కొని సొంత ఎక్స్ఛేంజీ పెట్టుకోమని, కంప్యూటర్లు బాగా తెలిసిన మేనల్లుడు. నలుగురి మాటా వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా, నలుగురూ నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ఒకరి మనసులో ఉన్నది ఖర్చు, ఒకరిది సౌకర్యం, ఒకరిది హోదా, ఒకరిది స్వతంత్రం. దాదాపు అందరూ పరికరంతోనో నెలవారీ బిల్లుతోనో మొదలుపెడతారు. అసలు ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటుంది, ఆ మాట ఇంట్లోకి ఏ దారిన వస్తుంది. ఈ రెండూ తేలాక పరికరం ఎంపిక పెద్ద విషయమేం కాదు.

ముందు నిషేధం, తర్వాత సగం తలుపు

ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ కంపెనీ 1995లో ఇంటర్నెట్ మీద మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌ను అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండింటినీ ప్రభుత్వం ఏళ్ల తరబడి కలవనివ్వలేదు. విదేశీ కాల్స్ అప్పట్లో వీఎస్ఎన్ఎల్ గుత్త సొత్తు. నిమిషానికి పదుల రూపాయలు రాలే చెట్టును నరుక్కోవడం ఎవరికి ఇష్టం? 2002 మార్చి 31తో ఆ గుత్తాధిపత్యం ముగిసింది. ఆ మర్నాడే, ఏప్రిల్ 1న, ఇంటర్నెట్ ఫోన్‌కు అనుమతి వచ్చింది.

వచ్చిన అనుమతి కూడా అరకొరే. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మాట్లాడుకోవచ్చు. కంప్యూటర్ నుంచి అమెరికాలోని మామూలు ఫోన్‌కు కూడా చేయవచ్చు. విజయవాడలో పక్కవీధి ల్యాండ్‌లైన్‌కు మాత్రం చేయకూడదు. అమీర్‌పేటలోనూ అరండల్‌పేటలోనూ నెట్ సెంటర్ల క్యాబిన్లలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, "వినబడుతోందా?" అని అరిచి, తన గొంతే తనకు తిరిగి వినబడితే నవ్వుకున్న తరం ఈ సగం తలుపులోంచి వచ్చినదే.

ఆ సమయంలోనే బయటి దేశాల్లో ఈ రంగం పరుగులు పెట్టింది. కాల్‌ను కలిపే పద్ధతికి సిప్ అనే ప్రమాణం 1999లో వెలువడి, 2002లో ఇప్పటి రూపానికి వచ్చింది. మామూలు కంప్యూటర్‌ను టెలిఫోన్ ఎక్స్ఛేంజీగా మార్చే ఆస్టరిస్క్‌ను మార్క్ స్పెన్సర్ 1999లో రాశాడు. 2003లో స్కైప్ వచ్చింది. 2009లో వోనేజ్ సంస్థ నెలకు పాతిక డాలర్ల లోపు చందాతో భారత్ సహా అరవై దేశాలకు అపరిమిత కాల్స్ ప్రకటించాక, అమెరికాలో ఎన్నో తెలుగు ఇళ్లలో రౌటర్ పక్కన ఆ కంపెనీ డబ్బా కూడా చేరింది.

ఇక్కడి చర్చలో గందరగోళానికి ఒక మూలం ఇదే. డాలస్‌లో ఉన్న అన్నయ్య తన అనుభవంతో, ఏదో ఒక సిప్ కంపెనీ దగ్గర నెలకు ఒకటి రెండు డాలర్లకు నంబరు కొనుక్కోమని చెబుతాడు. అక్కడ అది నిజమే. ఇక్కడ భారతీయ నంబరు ఇచ్చే హక్కు లైసెన్సున్న ఆపరేటరుకే ఉంది. ఇంటర్నెట్‌నూ మామూలు ఫోన్ వ్యవస్థనూ కలిపే గేట్‌వే కూడా వాళ్ల చేతిలోనే ఉండాలి. అన్నయ్య సలహా సముద్రం దాటేసరికి చెల్లకుండా పోతుంది.

మన దగ్గర తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి మరో పదహారేళ్లు పట్టింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరులో సిఫార్సు చేసింది, టెలికాం శాఖ 2018 జూన్‌లో లైసెన్సు షరతులు సవరించింది, ఆ తర్వాతి నెలలో బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ పేరుతో సిమ్ అక్కర్లేని యాప్ ఫోన్‌ను ప్రకటించింది. అప్పటికే జనం వేరే దారి పట్టారు. 2015లో వాట్సాప్‌లో మాట వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మామూలు సెల్ కాల్ కూడా లోలోపల ఇంటర్నెట్ పద్ధతిలోకి మారిపోయింది. 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు రూ.149 మొదలు టీవీ, నెట్, ఫోన్ మూడూ ఒకే తీగలో ఇచ్చింది. 2019 సెప్టెంబరులో జియోఫైబర్ వచ్చింది. ఆ డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో వైఫై కాలింగ్ మొదలుపెట్టాయి. రెండు నెలలకే లాక్‌డౌన్. ఇంటి నుంచి ఫోన్ పని చేయించాలంటే అప్పటిదాకా కాల్ సెంటర్లకు కోటి రూపాయల బ్యాంకు గ్యారంటీ దాకా షరతులుండేవి. 2020 నవంబరులోనూ 2021 జూన్‌లోనూ వచ్చిన కొత్త మార్గదర్శకాలు వాటిని తుడిచేశాయి. స్కైప్ మాత్రం ఇంతటి గిరాకీ కాలంలోనూ నిలదొక్కుకోలేక 2025 మేలో మూతపడింది.

ఎవరి వాదం ఏమిటి

*రెండో సిమ్ చాలునన్న వాదం.* వీరి సంఖ్యే ఎక్కువ, వాదం కూడా తీసిపారేసేది కాదు. ఫోన్‌లో రెండో సిమ్ లేదా ఈసిమ్, అందులో వాట్సాప్ బిజినెస్, ఇంట్లో సిగ్నల్ తక్కువైతే వైఫై కాలింగ్. ఫోన్ సెట్టింగుల్లో ఒక మీట నొక్కితే ఆ సిమ్ కాల్స్ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద నడుస్తాయి. విడిగా ఛార్జీ లేదు. మందపాటి గోడల అపార్టుమెంట్లలో కింది అంతస్తులో ఉండేవారికి ఇది వరమే. లోటు ఎక్కడంటే, నంబరు ఒక చేతిసెట్టుకు అతుక్కుపోతుంది. ఇంటావిడ గుడికి వెళితే ఆఫీసు ఫోన్ కూడా గుడికి వెళుతుంది. ఒక కాల్‌లో ఉండగా వచ్చిన రెండోది మిస్డ్ కాల్‌గా మిగులుతుంది. సహాయకుడిని పెట్టుకున్న రోజున ఈ ఏర్పాటు ఇరుకవుతుంది.

*ఫైబర్ ల్యాండ్‌లైన్ వాదం.* ఫైబర్ వచ్చి చేరే డబ్బాకు వెనకవైపు, నెట్ కేబుల్ పెట్టే రంధ్రాల పక్కన వాటికంటే చిన్నది ఒకటుంటుంది. చాలా ఇళ్లలో అది ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటుంది. పాత పుష్‌బటన్ ఫోన్‌నో కార్డ్‌లెస్‌నో అందులో గుచ్చితే ఎస్టీడీ కోడ్‌తో సహా నంబరు పలుకుతుంది. కాల్స్ ఖర్చు సాధారణంగా బ్రాడ్‌బ్యాండ్ బిల్లులోనే కలిసిపోయి ఉంటుంది. జియో అయితే ఆ ల్యాండ్‌లైన్ నంబరునే సెల్‌లో మోగించే యాప్ కూడా ఇస్తుంది. రిసీవరు ఎత్తి మాట్లాడితే స్పష్టంగా ఉంటుంది, ఇంట్లో ఎవరైనా ఎత్తవచ్చు, రాత్రి తీసి పక్కన పెట్టేయవచ్చు. ఇంత మంచి సౌకర్యాన్ని జనం ఎందుకు పట్టించుకోరో అర్థం కాదు. దీని బలహీనత నంబరు దగ్గరుంది. దాని సంగతి కింద చూద్దాం. ఇంకొకటి, ఆ నంబరు లాగిన్ వివరాలు ఆపరేటరు డబ్బాలోనే దాచి ఉంచుతాడు, సాధారణంగా మనకివ్వడు. కాబట్టి మనకు నచ్చిన ఐపీ ఫోన్‌లో వాటిని పెట్టుకోవడం కుదరదు.

*క్లౌడ్ వాదం.* ఎక్సోటెల్, నోలారిటీ, మైఆపరేటర్, మన హైదరాబాద్‌లోనే పుట్టిన ఓజోన్‌టెల్ వంటి సంస్థలు ఇచ్చే వర్చువల్ నంబరు ఇది. ఖాతాదారు చేసిన కాల్ ముందు వాళ్ల సర్వరుకు చేరుతుంది. అక్కడ స్వాగతవచనం పలికి, తెలుగుకు ఒకటి, హిందీకి రెండు అని అడిగి, తర్వాత మన సెల్‌కు ఇంకో కాల్ వేసి రెండింటినీ కలుపుతుంది. మీరెత్తకపోతే సహాయకుడికి, అతనూ ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌కు. ఎవరు ఎప్పుడు చేశారో, ఎంతసేపు మాట్లాడారో అన్నీ చిట్టాలో పడతాయి, రికార్డింగ్ కూడా ఉంటుంది. నెల అద్దె, పైన నిమిషాల లెక్క. ముగ్గురు నలుగురు కలిసి కాల్స్ పంచుకునేచోట దీనికి సాటి లేదు. ఒక్కరే ఉన్న ఆఫీసులో మాత్రం, "సేల్స్‌కు ఒకటి, సర్వీస్‌కు రెండు" అని ఘనంగా చెప్పించి, రెండూ తీసుకొచ్చి ఒకే సెల్‌లో మోగించడం కాస్త హాస్యాస్పదమే. ఫోన్ చేసినవాడికి ఆ అరనిమిషం దండగ.

*సొంత ఎక్స్ఛేంజీ వాదం.* చిన్న కంప్యూటర్ మీద ఆస్టరిస్క్, బల్లల మీద గ్రాండ్‌స్ట్రీమ్ లేదా యీలింక్ ఐపీ ఫోన్లు, ఆపరేటరు దగ్గర సిప్ ట్రంక్, అంటే నెట్ మీద వచ్చే బయటి లైను. ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడనక్కర్లేదన్నది వీరి మాట. ఇంట్లో ఇంటర్‌కమ్‌గా, మేడమీద గదికీ కింద గోడౌనుకూ మధ్య మాట్లాడుకోవడానికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అనుమతులూ అక్కర్లేదు. బయటి నంబరు కావాలనేసరికి కథ మారుతుంది. సిప్ ట్రంకులను ఆపరేటర్లు సంస్థల పేరు మీద, వాటి కాగితాలు చూసి ఇస్తారు. ఒంటరిగా పనిచేసేవారు ఆ తంతుకు సిద్ధపడటం అరుదు. పైగా రాత్రి పదింటికి ఎక్స్ఛేంజీ మొరాయిస్తే లైన్‌మన్ కూడా మనమే.

ఈ నాలుగింటి పక్కన ఇంకో పాయ కొత్తగా కలుస్తోంది. జూమ్ 2023లో టెలికాం లైసెన్సు తెచ్చుకుని 2024లో మహారాష్ట్రతో మొదలుపెట్టి ఫోన్ నంబర్లు ఇస్తోంది. ఇప్పటికైతే ఇది పెద్ద సంస్థల సరుకు.

మాట ఎక్కడ తెగుతుంది

నెట్ ఫోన్ సరిగా లేదని ఫిర్యాదు రాగానే వచ్చే మొదటి సలహా, ప్లాన్ పెంచమని. ఇది తప్పుదారి పట్టించే సలహా అని లెక్క వేస్తే తేలిపోతుంది. ల్యాండ్‌లైన్ నాణ్యతతో మాటను పంపే జీ.711 పద్ధతిలో 20 మిల్లీసెకన్ల మాట ఒక పొట్లం. దాని బరువు 160 బైట్లు. పైన చిరునామాల కోసం మరో 40. సెకనుకు 50 పొట్లాలు. మొత్తం 80 కిలోబిట్లు, తీగ మీద ఇంకో ఏడు కలుపుకోండి. మాటను పిండి చిన్నది చేసే జీ.729 పద్ధతిలో సరుకు 20 బైట్లే, పై కాగితం మాత్రం అదే 40: పొడి పొట్లం కంటే అట్టపెట్టె బరువెక్కువైన కొరియర్ పార్సిల్ బాపతు. ఎలా చూసినా 30 మెగాబిట్ల అతి చిన్న ప్లాన్‌లో ఒక కాల్‌కు కావాల్సింది మూడొందల నలభయ్యో వంతు కూడా కాదు. ప్లాన్ వందకు పెంచినా, మూడొందలకు పెంచినా ఆ కాల్‌కు ఒరిగేది లేదు.

అసలు శత్రువు ఆలస్యం, అందులోని హెచ్చుతగ్గులు. మాట ఇటు నుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య చెబుతుంది, 400 దాటితే ప్రణాళికలోనే పనికిరాదంటుంది. హైదరాబాద్ నుంచి డాలస్ దాదాపు 14,000 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. గీత గీసినట్టు తిన్నగా వెళ్లినా 70 మిల్లీసెకన్లు. సముద్రగర్భ కేబుళ్లు తిన్నగా వెళ్లవు గనక ఇంకా ఎక్కువ. అమెరికా ఖాతాదారులతో మాట్లాడేవారికి ఆ 150లో పెద్ద వాటా ఇల్లు దాటాకే ఖర్చయిపోతుంది, దాన్ని ఏ పరికరమూ తగ్గించలేదు. మనం కాపాడుకోగలిగింది ఇంట్లో పోయే వాటానే.

ఇంట్లో ఎక్కడ పోతుంది? తేలికైన పరీక్ష ఒకటుంది. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలిపి, పొట్లం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని మిల్లీసెకన్లలో చూపే పింగ్ ఆదేశం నడుస్తూ ఉండగా ఫోన్‌లో తీసిన పెద్ద వీడియోను క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెట్టాలి. అప్పటిదాకా పదులలో ఉన్న పింగ్ వందలకు ఎగబాకితే దొంగ దొరికినట్టే. రౌటర్ అప్‌లోడ్ క్యూలో వీడియో ముక్కల వెనక మాట పొట్లాలు నిలబడిపోతున్నాయి. పిల్లల ఫోన్ రాత్రిపూట పెళ్లి ఫొటోలు బ్యాకప్ చేస్తున్నంతసేపూ మాట తెగిపోవడానికి కారణం ఇదే. రౌటర్‌లో మాటకు ముందు వరస ఇచ్చే అమరిక, లేదా అప్‌లోడ్‌కు లైన్ వేగంలో పదిశాతం తక్కువగా పరిమితి పెట్టడం దీనికి మందు. కేబుల్ తీసేసి అదే పరీక్ష వైఫై మీద చేస్తే మిగతా సంగతి తెలుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. ముప్ఫై ఫ్లాట్ల అపార్టుమెంటులో ముప్ఫై రౌటర్లు ఆ మూడింటి కోసమే కొట్టుకుంటాయి. ఆఫీసు బల్ల దాకా ఒక నెట్ కేబుల్ లాగించుకోవడం ఖరీదైన ఫోన్ కొనడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఐపీ ఫోన్లవారికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. కాల్ కలుస్తుంది, మాట వినబడుతుంది, సరిగ్గా అరనిమిషం దాటగానే తెగిపోతుంది. మళ్లీ చేస్తే మళ్లీ అంతే. కాల్ ఎత్తామన్న సమాచారానికి అందాల్సిన రసీదు దారిలో పోతే, సిప్ ప్రమాణం ప్రకారం ఫోన్ 32 సెకన్లు చూసి కట్ చేస్తుంది. చాలాసార్లు దీని వెనక ఉండేది రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సౌకర్యం. సాయం చేయబోయి పొట్లాల మీది చిరునామాలు చెడగొడుతుంది. దాన్ని ఆపేస్తే ఎక్కువ సందర్భాల్లో కుదురుతుంది. అప్పటికీ కుదరకపోతే, ఆపరేటరు అనేక ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నాడేమో చూడాలి. రౌటర్ బయటివైపు చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అదే సంగతి.

ఇక కరెంటు. పాత రాగితీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టులు వచ్చేవి, తుఫాను రాత్రి ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. గాజుతీగలో కరెంటు పారదు. డబ్బాకూ రౌటర్‌కూ 12 వోల్టుల మినీ యూపీఎస్ తగిలిస్తే కొన్ని గంటలు గడుస్తుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. అది పెట్టాక కూడా కరెంటు పోగానే నెట్ పోతోందంటే కారణం బయట వెతకాలి. అసలైన ఫైబర్ అయితే వీధిలోని చీలిక పెట్టెకు కరెంటే అక్కర్లేదు. కొందరు కేబుల్ ఆపరేటర్లు సెల్లారు దాకా ఫైబర్ తెచ్చి, అక్కడ స్విచ్ పెట్టి పైకి మామూలు నెట్ కేబుల్ లాగుతారు. కరెంటు పోగానే ఆ స్విచ్ పడుకుంటుంది, మన యూపీఎస్ ఎంత మేలుకుని ఉన్నా లాభం లేదు. కనెక్షన్ తీసుకునేముందు అడగాల్సిన ప్రశ్న వేగం ఎంత అని కాదు, ఇంట్లోకి వచ్చేది గాజుతీగా రాగితీగా అని.

నంబరు ఎవరి చేతిలో

పచ్చడి సీసా లేబుల్ మీద, విజిటింగ్ కార్డు మీద, గూగుల్ మ్యాప్ మీద, పాత ఖాతాదారుల ఫోన్లలో పడిన నంబరు వ్యాపారానికి పెట్టుబడే. రౌటర్ పాడైతే ఇంకోటి కొంటాం. నంబరు పోతే కొనలేం.

ఈ విషయంలో మన నిబంధనలు సెల్‌ఫోన్‌కు ఒకలా, ల్యాండ్‌లైన్‌కు ఇంకోలా ఉన్నాయి. సెల్ నంబరు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా మన సొత్తులాంటిదే. 1900కు పోర్ట్ అని మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది, నచ్చిన కంపెనీకి మారిపోవచ్చు. 2015 నుంచి రాష్ట్రం మారినా నంబరు నిలుస్తుంది. ల్యాండ్‌లైన్‌కు అలాంటి హక్కు లేదు. నెట్ సరిగా రావడంలేదని ఒక కంపెనీ ఫైబర్ తీసేసి ఇంకోటి పెట్టించుకుంటే పాత 0866 నంబరు అక్కడే ఆగిపోతుంది. విజయవాడ నుంచి గుంటూరుకు ఇల్లు మారితే ఎస్టీడీ కోడే మారుతుంది. క్లౌడ్ నంబర్లదీ దాదాపు ఇదే దారి. సంస్థతో తెగతెంపులైతే నంబరు ఎవరికి మిగులుతుందో ఒప్పందంలో ముందే చూసుకోవాలి. అమ్మేవాడు దాన్ని గురించి తనంతట తాను చెప్పడు.

అందుకని నా లెక్కలో, జనానికి ప్రకటించే నంబరు సెల్ నంబరే కావాలి. తక్కినవన్నీ, ఫైబర్ ల్యాండ్‌లైన్ గానీ క్లౌడ్ గానీ, దాని వెనక నిలబడాలి. కాల్ ఫార్వర్డింగ్‌తో అది సాధ్యమే. 2024 ఏప్రిల్ నుంచి *401# వంటి కోడ్‌లతో చేసే ఫార్వర్డింగ్‌ను మోసాల భయంతో టెలికాం శాఖ ఆపించింది గనక ఆపరేటరు చెప్పే వేరే పద్ధతిలో పెట్టించుకోవాలి. ల్యాండ్‌లైన్ నంబరుకు విశ్వసనీయత ఎక్కువన్న పాత నమ్మకం ఇప్పుడు తిరగబడింది. తెలియని 040 నంబరు కనబడగానే లోనో క్రెడిట్ కార్డో అంటగట్టేవాళ్లని జనం కట్ చేస్తున్నారు. ఎయిర్‌టెల్ 2024 సెప్టెంబరు నుంచి స్పామ్ అనుమానాన్ని తెర మీదే చూపిస్తోంది. అదే ఏడాది ఆగస్టులో ట్రాయ్, నమోదు లేకుండా సిప్ లైన్ల మీద ప్రచార కాల్స్ చేసేవారి కనెక్షన్లన్నీ పీకేసి రెండేళ్ల దాకా నల్లజాబితాలో పెట్టమంది. కొత్త స్కీము గురించి పాత ఖాతాదారులకు వరసగా ఫోన్లు చేసే ఏజెంటు ఇది గుర్తుంచుకోవాలి.

చట్టం గీసిన ఇంకో గీత ఉంది. విదేశాల నుంచి ఇంటర్నెట్‌లో వచ్చిన కాల్‌ను ఇంట్లో సిమ్ గేట్‌వే పెట్టి లోకల్ కాల్‌గా మార్చి వదలడం నేరం. ఇలాంటి దొంగ ఎక్స్ఛేంజీల మీద హైదరాబాద్ సహా పలు నగరాల్లో దాడులు జరిగాయి. లైసెన్సు లేకుండా టెలికాం సేవలు నడిపితే 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. సరదాగా గేట్‌వే కొని ప్రయోగాలు చేసేవాళ్లు ఆ పెట్టె ఇంట్లో ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే ఏం చెబుతారో ముందే ఆలోచించుకోవడం మంచిది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఖర్చులో సిమ్, ఫైబర్ ల్యాండ్‌లైన్ ఇంచుమించు సమానం. క్లౌడ్ నెలనెలా తింటుంది. సొంత ఎక్స్ఛేంజీ మొదట డబ్బు, తర్వాత ఆదివారాలు తింటుంది. మాట స్పష్టతలో ఫైబర్ ల్యాండ్‌లైన్‌ది పైచేయి, అది వైఫై జోలికి పోదు గనక. కరెంటు పోయినప్పుడు సెల్‌దే గెలుపు. నంబరు భద్రత సెల్‌కే. కాల్స్ పంచుకోవడంలో క్లౌడ్‌ను కొట్టేది లేదు.

పచ్చళ్లు పంపే ఇల్లాలికి ప్రత్యేక సిమ్, వాట్సాప్ బిజినెస్, వైఫై కాలింగ్ చాలు. ఆమె ఖాతాదారుల్లో సగం మంది ఎలాగూ వాట్సాప్‌లోనే పలుకుతారు. ఇద్దరు సహాయకులున్న అకౌంటెంటుకు ఏడాదంతా సెల్, ఫైబర్ ల్యాండ్‌లైన్ జత సరిపోతుంది. ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గరపడే జులైలో క్లౌడ్ నంబరు అక్కరకొస్తుంది. ఆ సెల్‌ను దానికి ఫార్వర్డ్ చేసుకుంటే విజిటింగ్ కార్డు మార్చనక్కర్లేదు. అమెరికా కంపెనీకి పనిచేసే ఉద్యోగిని సంగతి వేరు. నంబరు, సాఫ్ట్‌ఫోన్ రెండూ కంపెనీవే. ఆమె డబ్బు పెట్టాల్సింది నెట్ కేబుల్, యూపీఎస్, మంచి మైకున్న హెడ్‌సెట్ మీద, వీలైతే వేరే కంపెనీ నుంచి రెండో కనెక్షన్ మీద.

ఇంకా తేలనివి

అన్నిటికంటే పాత పేచీ వాట్సాప్ లాంటి యాప్‌లది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ నెట్ కాల్స్‌కు విడిగా వసూలు చేస్తానని ప్రకటించి, గోల లేవగానే వెనక్కి తగ్గింది. 2015లో ట్రాయ్ చర్చాపత్రం పెట్టింది, 2023లో మళ్లీ పెట్టింది. ఒకే సేవకు ఒకే రూలు ఉండాలని ఆపరేటర్లు, మేం తీగలు అద్దెకు తీసుకోలేదు, ఖాతాదారుడు డేటాకు ముందే డబ్బు కట్టాడని యాప్ కంపెనీలు. రెండు వాదాల్లోనూ పస ఉంది. ఈలోగా 2025 నవంబరులో టెలికాం శాఖ, ఫోన్‌లో ఆ సిమ్ ఉంటేనే యాప్ నడవాలని, కంప్యూటర్‌లో తెరిచిన వెబ్ రూపం ఆరు గంటలకోసారి లాగౌట్ కావాలని ఆదేశించింది. రోజంతా కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి ఆర్డర్లు రాసుకునేవారికి ఇది నేరుగా తగిలే మార్పు.

రికార్డింగ్ రెండోది. క్లౌడ్ సంస్థలు దాన్నొక సౌకర్యంగా అమ్ముతాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు అంచెలంచెలుగా. రోగి మాటలు రికార్డయిన హోమియో డాక్టరు ఎంతకాలం దాచాలి, అడిగితే ఎలా చెరపాలి అన్నవి ఇంటి ఆఫీసు స్థాయిలో ఇంకా ఎవరికీ అలవాటు కాని ప్రశ్నలు. ప్రస్తుతానికి, అవసరం లేని రికార్డింగ్‌ను ఆపి ఉంచడమే సుఖం.

మూడోది ల్యాండ్‌లైన్ నంబరు మార్పిడి హక్కు. సాంకేతికంగా ఇప్పుడు అడ్డేమీ కనబడదు, నంబరు ఎలాగూ సర్వరులోనే ఉంటోంది. అడిగేవాళ్లే తక్కువ. సెల్ వాడేవారి గొంతు ముందు ల్యాండ్‌లైన్ వాడేవారి గొంతు వినబడదు.

చివరిది అత్యవసర నంబరు 112. సెల్ నుంచి చేస్తే టవర్ ఆధారంగా మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవచ్చు. వాట్సాప్ నుంచి 112కు కాల్ పోనే పోదు. ల్యాండ్‌లైన్ నంబరును యాప్ ద్వారా జేబులో వేసుకుని వేరే ఊళ్లో తిరిగేవాడు కాల్ చేస్తే, రికార్డులో ఉండేది ఇంటి అడ్రసు. అమెరికాలో ఇలాంటి లోపం ప్రాణాల మీదికి తెచ్చాకే 2005లో అక్కడి నియంత్రణ సంస్థ, ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు అత్యవసర కాల్స్‌కు అడ్రసు జతచేయాలని నిబంధన పెట్టింది. మన చర్చాపత్రాల్లో ధరల గురించి ఉన్నంత వివరంగా దీని గురించి లేదు. అంతదాకా ఇంట్లో ఎన్ని రకాల నెట్ ఫోన్లున్నా, ఛార్జింగ్ ఉన్న ఒక సెల్ పక్కన పెట్టుకోక తప్పదు.